పచ్చిక బయళ్ల మీద పీహెచ్‌డీ చేయాలా? నా అనుభవం ఇది

వ్యవసాయ శాస్త్రంలో పీజీ చివరి ఏడాదిలో ఉన్నానని, సుస్థిర వ్యవసాయం, అందులోనూ పచ్చిక బయళ్ల జీవావరణం మీద పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలోనే స్థిరపడాలని ఉందని, ఈ దారి ఎలా ఉంటుందని అడిగారు. నేను ఈ పనిలోకి వచ్చి పదిహేనేళ్లు దాటింది. ముందు పీహెచ్‌డీ, తర్వాత రెండు చోట్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం), ఇప్పుడు పాఠాలు, పరిశోధన రెండూ. రమ్మనే చెబుతాను. కాకపోతే మీ పీహెచ్‌డీకి ఉండే మూడు నాలుగేళ్ల గడువు, పచ్చిక మారడానికి పట్టే కాలం ఒకటి కావు. ఇది తెలుసుకుని రండి.

మేత తగ్గించినా, పెంచినా, ఎరువు వేసినా మొదటి రెండేళ్లలో కనిపించే తేడాలో చాలా భాగం ఆ ఏటి వానదే. నేలలో కార్బన్ సంగతి ఇంకా కష్టం. నేలలో అప్పటికే ఉన్నది ఎక్కువ, ఏడాదిలో వచ్చే మార్పు కొంచెం, పక్కపక్కన తీసిన రెండు మట్టి నమూనాల మధ్యే అంతకన్నా ఎక్కువ తేడా ఉండొచ్చు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పార్క్ గ్రాస్ ప్రయోగం 1856లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ఎండుగడ్డి దిగుబడికి ఏ ఎరువు మంచిదో చూద్దామని మొదలుపెట్టారు. ఏ ఎరువూ వేయని ప్లాట్లలో ఈనాటికీ పదుల జాతుల మొక్కలు కలిసి పెరుగుతున్నాయి, ఏటా అమ్మోనియం సల్ఫేట్ వేస్తూ సున్నం వేయని చోట మాత్రం నేల ఆమ్లంగా మారిపోయి ఒకటి రెండు గడ్డి జాతులే రాజ్యమేలుతున్నాయి. ఇంత స్పష్టంగా కనిపించాలంటే ఒక మనిషి ఉద్యోగకాలం చాలదు. అందుకే గైడ్ పేరు చూసి కాదు, ఆయన దగ్గర ఎన్నేళ్లుగా నడుస్తున్న ప్లాట్లు ఉన్నాయో చూసి చేరండి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, ఎందుకంటే నా విద్యార్థుల్లోనూ ఏటా ఎవరో ఒకరు ఇదే చేయబోతుంటారు. నా దగ్గర రెండు మేత బీళ్లు ఉండేవి. ఒకదాంట్లో పశువులు సీజన్ అంతా అక్కడే మేసేవి, రెండోదాన్ని కంచెలతో ముక్కలు చేసి మార్చి మార్చి మేపాం. ఒక్కోదాంట్లో నలభై క్వాడ్రాట్లు (మొక్కలు లెక్కపెట్టడానికి నేల మీద పరిచే చతురస్రపు చట్రాలు) వేసి, రెండు సీజన్లు మోకాళ్ల మీద కూర్చుని జాతులు లెక్కపెట్టాను. పేపర్ పంపితే రివ్యూయర్ రెండు లైన్లలో తేల్చేశారు, మీకున్నవి ఎనభై నమూనాలు కావు, రెండు బీళ్లు మాత్రమే అని. ఆయన అన్నది నిజమే. ఒక బీడు పల్లంలో ఉంది, తడి ఎక్కువ, నేను చూసిన తేడా మేపే పద్ధతిదో పల్లానిదో చెప్పే మార్గమే లేదు. ఒకే బీడులో తీసిన కొలతలను విడివిడి నమూనాలుగా లెక్కపెట్టడం అన్నమాట, జీవావరణ శాస్త్రవేత్త హర్ల్‌బర్ట్ 1984లో సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టింది దీనికే. ఆ పేపర్ నేను చదివాను కూడా, కానీ నా ప్రయోగానికి అన్వయించుకోలేదు. మేత ప్రయోగంలో లెక్కకు వచ్చేది కంచె వేసిన బీడు, ఆవు కాదు, క్వాడ్రాట్ కాదు. కంచెలు, నీటి తొట్లు, మందలు అన్నీ ఖర్చే కాబట్టి బీళ్లు తగ్గిద్దామనిపిస్తుంది. పోల్చే పద్ధతులు రెండే పెట్టుకోండి గానీ ఒక్కో పద్ధతికి ఇచ్చే బీళ్లు మాత్రం తగ్గించకండి.

ఇంకో వేసవిలో, అసలు మేపకూడని ప్లాట్‌లోకి ఎవరో మందను వదిలేశారు. ఒక్క పూటలో ఆ ఏటి కొలతలు పోయాయి. గేటు విషయం నేను పశువులు చూసుకునేవాళ్లతో ముందే మాట్లాడి ఉండాల్సింది. ఆ తర్వాత వాళ్లతో వారానికోసారి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను, అదే నాకు బాగా పనికొచ్చింది. పేడ పడిన చోటు చుట్టూ గడ్డిని పశువులు చాలా రోజులు ముట్టవు, పక్కనే ఉన్నదాన్ని మాత్రం నేల దాకా కొరికేస్తాయి, మీరు సగటు ఎత్తు రాసుకుంటే ఆ రెండూ కనిపించవు కదా అని వాళ్లలో ఒకాయన అడిగారు. నా తర్వాతి ప్రాజెక్టు ఆ ప్రశ్న నుంచే పుట్టింది.

నేర్చుకోవాల్సినవాటిలో స్టాటిస్టిక్స్ సంగతి మీకు ఎలాగూ అందరూ చెబుతారు. పూత లేనప్పుడు గడ్డిని గుర్తుపట్టడం గురించి ఎక్కువమంది చెప్పరు. ఆకు, దాని తొడుగు కలిసే చోట లిగ్యూల్ అనే సన్నని పొర ఉంటుంది, కొన్నిటిలో అది వెంట్రుకల వరసలా ఉంటుంది, దాన్ని చూసి జాతి చెప్పగలిగితే మిమ్మల్ని ప్రాజెక్టులవాళ్లే పిలుస్తారు.

వాదనలకూ సిద్ధంగా ఉండండి. మందలను తిప్పి మేపితే ఎడారులు కూడా పచ్చబడతాయని జింబాబ్వే జీవావరణ శాస్త్రవేత్త అలన్ సేవరీని అనుసరించేవాళ్లు గట్టిగా నమ్ముతారు. 2008లో పచ్చిక బయళ్ల పరిశోధకుడు బ్రిస్కీ బృందం అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను సమీక్షించి, ఎప్పుడూ ఒకేచోట మేపడం కన్నా తిప్పి మేపడం వల్ల గడ్డి గానీ పశువుల ఉత్పత్తి గానీ పెరుగుతుందనడానికి ఆధారం లేదని తేల్చింది. మీ ప్రయోగాల్లో క్యాలెండర్ చూసి మందను మారుస్తారు, మేం గడ్డిని చూసి మారుస్తాం అని పశుపోషకులు అంటారు, అందులోనూ న్యాయం ఉంది. నా మటుకు నాకు, ఎకరానికి ఎన్ని పశువులు అన్నదే మొదటి ప్రశ్న, తిప్పడం ఆ తర్వాత.

ఉద్యోగం విషయానికొస్తే, పర్మనెంట్ పోస్టు ఆలస్యంగా వస్తుంది. రెండు మూడేళ్ల కాంట్రాక్టులు, ప్రతిసారీ ఊరు మారడం, గ్రాంటు వస్తుందో రాదో అన్న టెన్షన్, ఇవన్నీ ఇంట్లోవాళ్ల మీదా పడతాయి. వాళ్లతో ముందే మాట్లాడండి. పోస్టు రాకపోతే రైతులకు కొత్త పద్ధతులు చేరవేసే విస్తరణ సేవలు, పశుగ్రాస విత్తనాల పరిశోధన, భూసంరక్షణ సంస్థలు ఉన్నాయి, నాతో చదివిన కొందరు అటు వెళ్లి మంచి పని చేస్తున్నారు.

దరఖాస్తు పెట్టేముందు ఒక సీజన్ ఎక్కడైనా ఫీల్డ్ అసిస్టెంట్‌గా చేయండి. కోసిన గడ్డిని జాతులవారీగా వేరుచేసే పని అడిగి మరీ తీసుకోండి. తర్వాత మీ ప్రయోగం ప్లాన్ కాగితం మీద గీసుకున్నప్పుడు, కంచెలు వేయకముందే నాకు పంపండి, కూర్చుని చూస్తాను.