పిల్లి గాలిలో ఎలా తిరుగుతుంది?

ఎంత ఎత్తు నుంచి పడినా పిల్లి కాళ్ల మీదే దిగుతుందన్నది నిజమేనా, నిజమైతే పట్టుకోవడానికి ఏమీ లేని గాలిలో అది ఎలా తిరగగలుగుతుంది అని మీరు అడిగారు. తిరగడం నిజమే. దానివల్ల దెబ్బ తగలదన్న నమ్మకం మాత్రం నిజం కాదు. ఆ తేడా నాకు మా ఇంటి పిల్లి వల్ల తెలిసింది.

తిరుపతిలో మా ఇల్లు కపిలతీర్థానికి దగ్గర. కొండ దిగిన కోతులు మిద్దెల మీద తిరగడం ఇక్కడ మామూలే. రెండేళ్ల క్రితం ఒక వేసవి ఉదయం, ఎండబెట్టిన వడియాల కోసం వచ్చిన కోతి ఒకటి పళ్లికిలించి మీదికి ఉరకగా, పిట్టగోడ మీద పడుకొని ఉన్న మా పిల్లి వెనక్కి జరిగి పట్టు తప్పింది. నేను కింద కొళాయి దగ్గర ఉన్నాను. ఎత్తు సుమారు 20 అడుగులు. వెల్లకిలా జారిన పిల్లి సజ్జ దాటేసరికి దాని తల, ముందు కాళ్లు నేల వైపు తిరిగాయి, వెనుక కాళ్లు మాత్రం ఇంకా ఆకాశం వైపే ఉన్నాయి. నడుము దగ్గర మెలిపెట్టిన తువ్వాలులా కనిపించింది.

ఆ మెలికలోనే అంతా ఉంది. దేనినీ తన్నకుండా పడే వస్తువు తనంతట తాను తిరగకూడదని కోణీయ ద్రవ్యవేగ నియమం (బయటి నుంచి తిప్పే బలం లేకపోతే వస్తువు మొత్తం తిరుగుడు మారదన్న సూత్రం) చెబుతున్నట్టు అనిపిస్తుంది. అందుకే వదిలేవారి చేతిని తన్నుకొని పిల్లి తిరుగుతుందని ఒకప్పుడు పండితులు కూడా భావించారు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే 1894లో వరుస ఫొటోలు తీసి, పడడం మొదలైనప్పుడు పిల్లికి ఏ భ్రమణమూ లేదని చూపాడు. తడిబట్టను పిండేటప్పుడు మన రెండు చేతులూ ఎదురెదురు దిశల్లో తిరిగినట్టే, పిల్లి ముందు సగం ఒకవైపు, వెనుక సగం మరోవైపు తిరుగుతాయి. రెండు వైపుల కోణీయ ద్రవ్యవేగం కలిపితే మొత్తం లెక్క సున్నాయే. అయితే ముడుచుకున్న భాగం సులువుగా, చాచిన భాగం కష్టంగా తిరుగుతుంది కాబట్టి, ముందు కాళ్లను ముడుచుకొని వెనుక కాళ్లను చాచడం వల్ల ముందు భాగం చాలా తిరుగుతుంది, వెనుక భాగం ఎదురు దిశలో కొద్దిగానే జరుగుతుంది. వెంటనే ముందు కాళ్లను చాచి, వెనుకవాటిని ముడిచి రెండో సగాన్ని తిప్పుకుంటుంది. ఎంతో సులువుగా వంగే వెన్నెముక, ఇతర ఎముకలకు గట్టిగా అతుక్కోని చిన్న జత్రుకలు (మెడ కింది ఎముకలు) ఇందుకు వీలు కల్పిస్తాయి. ఏది పైన, ఏది కింద అన్నది లోపలి చెవి చెబుతుంది. తోక సాయపడవచ్చు గానీ తప్పనిసరి కాదు. తోకలేని మ్యాంక్స్ పిల్లులు కూడా తిరుగుతాయి. ఈ నేర్పు కూనలకు మూడు నాలుగు వారాల వయసులో మొదలై, ఆరేడు వారాలకు కుదురుతుంది.

20 అడుగులు పడడానికి ఒక సెకనుకు కాస్త ఎక్కువ పడుతుంది, తిరగడానికి అందులో సగం కూడా అక్కరలేదు. అయినా మా పిల్లి క్షేమంగా లేదు. నాలుగు కాళ్ల మీద దిగి, ఏమీ జరగనట్టు నడిచి మెట్ల కిందికి వెళ్లింది. గంట తర్వాత చూస్తే గడ్డం కింద రక్తం, నోరు తెరిచి రొప్పుతోంది. కాళ్లు ఆపలేకపోయిన వేగం గడ్డానికీ ఛాతీకీ తగులుతుందని, అంగుడి చీలిందని, ఊపిరితిత్తులు కమిలాయని పశువైద్యుడు వివరించారు. మూడు వారాలు మెత్తటి తిండి పెట్టి కాపాడుకున్నాం.

న్యూయార్క్‌లో మేడల మీది నుంచి పడి ఆసుపత్రికి చేరిన 132 పిల్లుల గురించి 1987లో వెలువడిన పరిశీలనను చాలామంది ఉదహరిస్తారు. చికిత్స పొందిన వాటిలో దాదాపు 90 శాతం బతికాయి, ఏడంతస్తులు దాటి పడినవాటికి దెబ్బలు తక్కువగా కనిపించాయి. పడినచోటే చనిపోయిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి తేరు కదా, కాబట్టి ఆ లెక్కను చూసి ధైర్యపడటం నాకు సరికాదనిపిస్తుంది.

మీ ఇంట్లో పిల్లి ఉంటే దయచేసి పరీక్ష కోసం ఎత్తి వదలకండి. అదే పడితే, నడుస్తున్నదని ఊరుకోకుండా గడ్డం, అంగుడి చూడండి. నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే మర్నాటి దాకా ఆగకుండా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.