40 వేలల్లో ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్: దారిలో ఆగిపోతే ఇంటికి ఎలా చేరతారో ముందు చూసుకోండి

మియాపూర్‌లో మూడో అంతస్తులో ఉంటున్నానని, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉందని, శని ఆదివారాల్లో అనంతగిరి వైపు మట్టిదారుల్లో తొక్కాలని ఉందని, 40 వేల రూపాయల్లో ఏ ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ తీసుకోవాలని మీరు అడిగారు. ఈ ధరలో హీరో లెక్ట్రో, ఈమోటొరాడ్, స్ట్రైడర్ వంటి కంపెనీల బండ్లు దొరుకుతాయి. కాగితం మీద చూస్తే అన్నింటి వివరాలూ దాదాపు ఒక్కటే: వెనక చక్రంలో 250 వాట్ల హబ్ మోటారు, 36 వోల్టుల బ్యాటరీ, ముందువైపు స్ప్రింగు ఫోర్కు, డిస్క్ బ్రేకులు. అందుకే ఫలానా మోడల్ కొనండి అని చెప్పను. నేను చాలాకాలంగా ఇలాంటి బండే నడుపుతున్నాను, చుట్టాలకూ స్నేహితులకూ కొనిపించాను. ఈ బడ్జెట్‌లో బండిని చూడవలసిన తీరు ఒకటే అని నా గట్టి నమ్మకం: ఎంత దూరం పోతుందని షాపువాళ్లు చెప్పే మాట పక్కన పెట్టి, ఊరికి దూరంగా ఆగిపోయిన రోజున దాన్ని ఎవరు బాగుచేయగలరు, మోటారు లేకుండా మీరు దాన్ని తొక్కగలరా అన్నవి చూడాలి.

ముందుగా బ్యాటరీ లెక్క చెబుతాను, ఎందుకంటే ప్రకటనల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంది. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే బ్యాటరీలో ఎంత శక్తి ఉందో వాట్ అవర్లలో తెలుస్తుంది. 36 వోల్టులు, 7.65 ఆంపియర్ అవర్లు అయితే 275 వాట్ అవర్లు, 10.4 ఆంపియర్ అవర్లు అయితే 374. చదును రోడ్డు మీద మీరూ తొక్కుతూ పోతే కిలోమీటరుకు 8 నుంచి 10 వాట్ అవర్లు ఖర్చవుతాయని అనుకోండి. మీ ఆఫీసుకు పోను రాను 30 కిలోమీటర్ల వరకు ఉంటుంది కాబట్టి చిన్న బ్యాటరీ మొదటి సంవత్సరంలోనే అంచుల్లో నడుస్తుంది, రెండేళ్లకు సామర్థ్యం తగ్గాక ఆఫీసులో కూడా చార్జింగ్ పెట్టుకోవలసి వస్తుంది. గుట్ట ఎక్కేటప్పుడు లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. మీరూ బండీ కలిపి 100 కిలోలు అనుకుంటే, 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికే 27 వాట్ అవర్లు కావాలి. నెమ్మదిగా ఎక్కే హబ్ మోటారు మరికొంత శక్తిని వేడిగా పోగొడుతుంది కనుక బ్యాటరీ నుంచి 40 దాకా పోతాయి. ఈ లెక్క షోరూమ్ గోడ మీద ఎక్కడా రాసి ఉండదు. అక్కడ రాసేది బల్లపరుపు రోడ్డు మీద, తక్కువ అసిస్ట్‌లో (అంటే మోటారు సాయం తక్కువగా పెట్టుకొని), తేలికైన మనిషి కూర్చుంటే వచ్చే దూరం మాత్రమే. నా మాట వింటే మిగిలిన హంగులు కొన్ని వదులుకొని అయినా 10 ఆంపియర్ అవర్ల పైన ఉన్న బ్యాటరీనే తీసుకోండి.

మోటారు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అసలైన ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్‌లలో మోటారు పెడళ్ల దగ్గర ఉంటుంది, అది చైనును లాగి గేర్ల ద్వారా చక్రాన్ని తిప్పుతుంది, అందువల్ల చిన్న గేరులో నిటారు గుట్టను కూడా ఎక్కగలదు. బాష్, షిమానో మోటార్లతో వచ్చే అలాంటి బండ్లు మన దగ్గర లక్షల్లో ఉంటాయి కాబట్టి వాటి గురించి మాట్లాడుకోవడం దండగ. మీకు దొరికే హబ్ మోటారుకు మీ గేర్లతో సంబంధం లేదు. వేగం పడిపోయిన కొద్దీ అది వేడెక్కుతుంది, లాగలేక మొరాయిస్తుంది. కనుక గుట్ట మొదలు కాకముందే గేరు తగ్గించి, కాళ్లతో గట్టిగా తొక్కుతూ వేగాన్ని నిలబెట్టుకోవాలి. గేర్లు మార్చే వీలులేని సింగిల్ స్పీడ్ బండితో ఇది సాధ్యం కాదు. కనీసం 7 గేర్లు, వెనక పెద్ద పళ్లచక్రానికి 28 పళ్లు ఉన్నదే తీసుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానో మా బావగారితో అనంతగిరి వెళ్లిన ఒక ఆదివారం సంగతి చెబితే మీకు తెలుస్తుంది. ఆయన బండికి 4 అంగుళాల లావు టైర్లు ఉన్నాయి, చూడడానికి మోటార్ సైకిల్‌లా గంభీరంగా ఉంటుంది. వర్షాలు ఆగి నేల గట్టిపడిన రోజులవి. వికారాబాద్ దాకా కారులో తీసుకెళ్లి, అక్కడి నుంచి అనంత పద్మనాభస్వామి గుడి దాకా తొక్కుకుంటూ ఎక్కి, అవతలివైపు కోట్‌పల్లి రిజర్వాయరు దిక్కుగా దిగాము. ఎర్రమట్టి బాటలో ఆయన వెనక చక్రం ఒక్కసారిగా పక్కకు జారింది. దిగి చూస్తే తుమ్మముల్లు టైరులో నిలువునా దిగి ఉంది. గాలి మెల్లమెల్లగా పోతున్నా పట్టించుకోకుండా ఆయన కొంతదూరం అలాగే నడిపించడంతో టైరు రిమ్ము మీద కొద్దిగా తిరిగి, లోపల ట్యూబు వాల్వు ఒక పక్కకు ఒరిగిపోయింది.

తోసుకుంటూ రోడ్డు మీది పంక్చర్ షాపుకు చేరేసరికి ఆయన చొక్కా తడిసి ముద్దయింది, ఎందుకంటే ఆ బండి బరువు 30 కిలోల దాకా ఉంటుంది. షాపు నడిపే పెద్దాయన చక్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఇరుసులోంచి బయటికి వచ్చే లావుపాటి నల్ల వైరును వేలితో తట్టి, "చక్రం ఇప్పదీస్తే గీ వైరు తెగుతది సార్, ఇట్లనే తీస్త" అన్నాడు. రెండు కడ్డీలతో టైరును ఒకవైపు మాత్రమే రిమ్ము మీదికి ఎత్తి, ట్యూబును పక్కనుంచి బయటికి లాగి, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. ముల్లు గుచ్చిన చోట సన్నగా బుడగలు వచ్చాయి. దాన్ని రాకి సొల్యూషన్ పూసి ప్యాచ్ వేశాడు. అంతా అయిపోయిందని మేము అనుకుంటున్నప్పుడు ఆయన ట్యూబును మళ్లీ ముంచి వాల్వు మొదలు దగ్గర బొటనవేలితో వంచి చూపించాడు. అక్కడ రబ్బరు సగం చుట్టు చీలి ఉంది, బుడగలు ధారగా వచ్చాయి. వాల్వు మొదట్లో చీలితే ప్యాచ్ నిలవదు, ట్యూబే మార్చాలి. "ఇంత లావు ట్యూబు వికారాబాద్‌ల గూడ దొరకది సార్" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. వికారాబాద్‌లో సైకిల్ షాపులకు ఫోను చేయించాము, 26 అంగుళాల మామూలు ట్యూబులు, 27.5 ట్యూబులు ఉన్నాయి గానీ 4 అంగుళాల లావుది ఎక్కడా లేదు. చివరకు ట్రాలీ ఆటో మాట్లాడుకొని బండిని కారు దాకా చేర్చాము. ట్యూబు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేదాకా ఆ బండి సెల్లారులో అలాగే పడి ఉంది. పంక్చరు అతి మామూలు విషయం. దానికి ఒక పూట ఆగడం వేరు, రోజుల తరబడి బండి మూలపడడం వేరు. ఆ పెద్దాయన చక్రం విప్పకుండానే ట్యూబు తీసిన ఓపికను మాత్రం నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. నగరంలో సర్వీసు సెంటర్ మనుషులే ఆ పని చేయడానికి వెనకాడడం నేను చూశాను.

కాబట్టి టైరు 27.5 లేదా 29 అంగుళాలది, వెడల్పు 2.1 అంగుళాల దగ్గర ఉండాలి. వాల్వు మోటార్ సైకిళ్లకు ఉండే రకమే ఉండాలి, అప్పుడు ఏ పంక్చర్ షాపులోనైనా కంప్రెసరుతో గాలి కొట్టిస్తారు. వెనక సస్పెన్షన్ ఉన్న బండి ఈ ధరలో వద్దే వద్దు, అక్కడ స్ప్రింగు బరువు పెంచుతుందే తప్ప చేసే మేలు లేదు. ముందు ఫోర్కుకు లాకౌట్, అంటే స్ప్రింగు కదలకుండా బిగించే మీట, ఉంటే ఆఫీసు దారిలో పనికొస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరు 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద తొక్కేవాళ్లకైతే ఫోర్కులో స్ప్రింగే అక్కరలేదు. ఆ ట్రాక్ బాగుంది, కాదనను. కానీ మియాపూర్ నుంచి దాన్ని చేరుకోవడానికి బస్సులు, టిప్పర్ల మధ్య నుంచి పోవలసిందే. ఉన్న కొద్దిపాటి సైకిల్ దారుల్లోనూ కార్లు నిలిపి ఉంచుతారు. ఈ నగరంలో ఆఫీసుకు సైకిల్ మీద పోయేవాడి ప్రాణానికి విలువ పెరగాలంటే ముందు ఆ కార్లను తీయించాలి.

అందుకే బ్రేకుల విషయంలో నేను రాజీపడను. ఈ ధరలో కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులే వస్తాయి. అవి చాలు, కానీ ముందూ వెనకా డిస్కులు 160 మిల్లీమీటర్లు ఉండాలి. లివరు దగ్గర తిప్పే చిన్న నట్టుతో కేబుల్ బిగించడం మీరే నేర్చుకోవాలి. గుట్ట దిగేటప్పుడు ప్యాడ్లు అరిగిన కొద్దీ లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. బ్రేకు పట్టగానే మోటారు ఆగుతుందో లేదో షాపులోనే వెనక చక్రం పైకెత్తి, థ్రాటిల్ తిప్పి చూడండి. ఆగకపోతే ఆ బండిని అక్కడే వదిలేసి రండి.

చాలా షోరూముల్లో టెస్ట్ రైడ్ అంటే పార్కింగులో రెండు చుట్లు తిప్పడమే. 40 వేలు పెట్టేవాడికి ఒక చిన్న ఎత్తు ఎక్కి చూసే హక్కు లేదా? దగ్గరలోని ఫ్లైఓవరు దాకా తీసుకెళ్తానని, కావాలంటే గుర్తింపు కార్డు పెట్టుకోమని అడగండి. ఎక్కేటప్పుడు మొదట మోటారుతో, తర్వాత స్విచ్ కట్టేసి తొక్కండి. మోటారు ఆపాక కూడా 7 గేర్లలో చిన్నదానితో మీరు కూర్చొనే ఎక్కగలిగితే ఆ బండి మీకు సరిపోతుంది. కొందరు అమ్మేవాళ్లు వేగం పరిమితి తీసేస్తామని ఆశ చూపుతారు, ఒప్పుకోకండి. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల లోపల ఉన్నంతవరకే కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం దీనికి రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కరలేదు. పరిమితి తీసేస్తే నంబరు లేని మోటారు వాహనాన్ని రోడ్డు మీద నడిపినట్టే, ప్రమాదం జరిగితే పూర్తి బాధ్యత మీ మీద పడుతుంది.

మీరు మూడో అంతస్తులో ఉన్నారు కనుక బ్యాటరీ తాళంచెవితో ఊడివచ్చేదే కావాలి. 20 కిలోలకు పైబడిన బండిని రోజూ మెట్ల మీద మోయలేరు, సెల్లారులో చార్జింగ్ పెట్టుకోవడానికి చాలా అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు ఒప్పుకోవడం లేదు. వాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను, 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింది ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో లేచిన మంటల్లో 8 మంది చనిపోయిన సంగతి ఈ నగరం మరిచిపోలేదు. బండితో వచ్చిన చార్జరునే వాడండి. మే నెల ఎండలో ఇంటికి రాగానే చార్జింగ్ పెట్టకుండా బ్యాటరీని నీడలో చల్లారనివ్వండి. రాత్రి నిద్రపోతూ చార్జింగ్ వదిలేయకండి, తలుపు దగ్గర మెట్ల దారికి అడ్డంగా అసలే పెట్టకండి.

డబ్బు విషయానికి వస్తే, బండికి 35 వేలు మించనివ్వకండి. మిగిలిన దానిలో హెల్మెట్, గట్టి తాళం, చేతిపంపు, రెండు ట్యూబులు, ప్యాచ్ డబ్బా కొనుక్కోండి. డెలివరీ తీసుకునే రోజున మెకానిక్‌ను వెనక చక్రం మీ ముందే ఒకసారి విప్పి బిగించమని అడగండి. ఇరుసు నట్టుకు ఏ నంబరు పానా పడుతుందో, మోటారు వైరు జాయింటు ఎక్కడ ఊడుతుందో ఫోనులో ఫోటో తీసుకొని, ఆ పానా కోఠీలో కొనుక్కొని సీటు కింద సంచిలో వేసుకోండి.