తెరచాప పడవ: క్లీట్ మార్చే ముందు బెజ్జం చూడండి

ప్రశ్న: మాది 16 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ, 30 ఏళ్లు దాటాయి. పెద్ద తెరచాప తాడును పట్టి ఉంచే క్యామ్ క్లీట్ జారిపోతోంది. బోల్టుల చుట్టూ గోధుమరంగు మరకలు, వాన పడితే డెక్ (పడవ పై కప్పు) అడుగున చెమ్మ. కొత్త క్లీట్ తెచ్చి పాత బెజ్జాల్లోనే బిగించేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, రాయపురం, చెన్నై

జవాబు: సరిపోదు. జారడం ఒక సమస్య, చెమ్మ ఇంకోటి. రెండోదే పెద్దది.

ముందు అదే మందం ఉన్న కొత్త తాడు వేసి లాగి చూడండి. తాడు అరిగి సన్నబడినా క్లీట్ జారుతుంది. కొత్త తాడూ జారితే తాడును కరిచి పట్టే క్లీట్ పళ్లు మధ్యలో నున్నబడి ఉంటాయి, లేదా ఉప్పు పేరుకుని స్ప్రింగు వెనక్కి రావడం లేదు. ఉప్పయితే మంచినీళ్లతో కడిగితే చాలు. గ్రీజు మాత్రం పూయకండి, ఇసుక పట్టేస్తుంది. మార్చక తప్పకపోతే రెండు బెజ్జాల మధ్య దూరం కొలవండి: చిన్న క్లీట్లకు సాధారణంగా 27 మి.మీ., పెద్దవాటికి 38. అదే కొలత తెస్తే డెక్‌కు కొత్త బెజ్జాలు పడవు.

ఇక చెమ్మ. డెక్ అంటే రెండు ఫైబర్ పొరలు, చాలా పడవల్లో వాటి మధ్య బల్సా అనే తేలికపాటి చెక్క లేదా ప్లైవుడ్ ఉంటుంది. నీరు దిగకుండా బోల్టు చుట్టూ పెట్టిన పాత సీలెంట్ ఎండిపోయాక బోల్టు వెంట దిగిన నీరు ఆ చెక్కలో చేరుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో చుట్టూ తట్టండి. కంగుమంటే బాగున్నట్టు, బొదబొదమంటే చెక్క కుళ్లినట్టు. కుళ్లు జానెడు మేర పాకితే పై పొర కోసి చెక్క మార్చాల్సిందే, బెజ్జం పూడిస్తే కుదరదు.

బెజ్జం చుట్టూ మాత్రమే అయితే ఇలా చేయండి. 5 మి.మీ. బెజ్జాన్ని పైనుంచి 12 మి.మీ.కు పెంచండి, అడుగు పొరను ముట్టుకోకండి. వంచిన మేకును డ్రిల్‌కు బిగించి లోపలి చెక్కను ఇంకాస్త గీకి తీసేయండి. నీడలో, వాన తగలకుండా పూర్తిగా ఆరనివ్వండి. ఈ పని అక్టోబరు–డిసెంబరు వానల్లో పెట్టుకుంటే ఆరనే ఆరదు, ఫిబ్రవరి, మార్చి నయం. కింద టేపు అంటించి, ముందు పలచటి ఎపాక్సీ (హార్డనర్ కలిపితే గట్టిపడే జిగురు) పూసి చెక్కను తాగనివ్వండి. అది గట్టిపడక ముందే సిలికా పొడి కలిపి గారెల పిండిలా చేసిన ఎపాక్సీని సిరంజితో అడుగునుంచి పైకి నింపండి. పైనుంచి పోస్తే గాలి బుడగలు మిగులుతాయి. చెన్నై ఎండలో ఒకేసారి ఎక్కువ కలిపితే కప్పులోనే వేడెక్కి పొగలు కక్కుతుంది. పొద్దున్నే, నిదానంగా గట్టిపడే హార్డనర్‌తో, కొంచెం కొంచెంగా కలపండి. మర్నాడు పైన తేలిన మైనం లాంటి జిడ్డును నీళ్లతో కడిగాకే సాండ్‌పేపర్ పట్టండి.

తర్వాత 5 మి.మీ. బెజ్జం మళ్లీ వేసి, పై అంచును కొద్దిగా గరాటులా చెక్కండి. సీలెంట్ నిలిచేది అక్కడే. అడుగున చిన్న వాషర్లు చాలవు, పొరను నలిపేస్తాయి. క్లీట్ కంటే అన్ని వైపులా 20 మి.మీ. పెద్దగా, 4 మి.మీ. మందం గ్లాస్ ఎపాక్సీ షీటు ముక్క వేయండి. అది ఎలక్ట్రికల్ ఇన్సులేషన్ సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. బిగించేటప్పుడు పైన ఒకరు స్క్రూ తల కదలకుండా పట్టుకోవాలి, కింద ఇంకొకరు నట్టు తిప్పాలి. తల తిరిగితే సీలెంట్ తెగిపోతుంది.

ప్రశ్న: సీలెంట్‌గా బాత్‌రూమ్ సిలికాన్ వాడొచ్చా?
– తిరువాన్మియూర్

జవాబు: వద్దు. వెనిగర్ వాసన వచ్చే రకం లోహాన్ని తినేస్తుంది, పైగా అది తగిలిన చోట రేపు పెయింటు అంటదు. బ్యూటైల్ టేపు (జిగటగా ఉండే రబ్బరు టేపు) మేలు. సన్నగా తాడులా పేని స్క్రూ తల కింద చుట్టి బిగించండి, రెండు రోజులాగి ఇంకాస్త బిగించండి. శాశ్వతంగా అతుక్కునే పాలీయురేథేన్ వాడితే మళ్లీ విప్పేటప్పుడు డెక్ పొర కూడా లేచి వస్తుంది.

ప్రశ్న: లింగిచెట్టి వీధిలో ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) బోల్టులు కొన్నాను. అయస్కాంతం అంటుకోలేదు. అవి 316 రకం స్టీలు అనుకోవచ్చా?
– మైలాపూర్

జవాబు: అనుకోలేం. 304 రకానికి కూడా అయస్కాంతం దాదాపు అంటుకోదు. ఉత్తినే ‘ఎస్‌ఎస్’ అని అడిగితే ఇచ్చేది ఎక్కువగా 304. ఉప్పు నీటికి తట్టుకునేది 2–3 శాతం మాలిబ్డినం ఉన్న 316. హెక్స్ బోల్టు తలపై ‘ఎ4’ గుర్తు చూడండి. ‘ఎ2’ అని ఉంటే అది 304 రకం. చిన్న స్క్రూలపై గుర్తు ఉండకపోవచ్చు, బిల్లు మీద 316 అని రాయించుకోండి. లోపల నైలాన్ వలయం ఉన్న స్టీలు నట్టును పవర్ డ్రైవర్‌తో తిప్పకండి, స్టెయిన్‌లెస్ మరలు వేడికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చేత్తో, మెల్లగా, మరకు కాస్త యాంటీ సీజ్ (మరలు అతుక్కోకుండా పూసే పేస్టు) పూసి తిప్పండి.