డిల్లాలా అవుతానంటున్న అబ్బాయి: బీటెక్ మానేయనివ్వాలా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. రాత్రంతా ల్యాప్‌టాప్‌లో బీట్లు చేస్తూ కూర్చుంటాడు. రెండు బ్యాక్‌లాగ్‌లు పడ్డాయి. అడిగితే, అమెరికాలో జె డిల్లా అనే హిప్‌హాప్ సంగీతకారుడు కాలేజీకి వెళ్లకుండానే గొప్పవాడయ్యాడు, నేనూ చదువు మానేసి హిప్‌హాప్ ప్రొడ్యూసర్ (రాప్ పాటల వెనక వచ్చే సంగీతం, అంటే బీట్లు, తయారుచేసేవాడు) అవుతానంటున్నాడు. ఒక అకాడమీలో ఆరు నెలల కోర్సుకు రెండు లక్షలు కట్టమంటున్నాడు. కొత్త హెడ్‌ఫోన్స్ కూడా కావాలట. వాళ్ల నాన్న కోపంతో ల్యాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టారు. ఏం చేయమంటారు?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ల్యాప్‌టాప్ ఇచ్చేయండమ్మా. సీఎస్ఈ కుర్రాడికి అది లేకపోతే బ్యాక్‌లాగ్‌లు రెండు కాస్తా నాలుగవుతాయి. అకాడమీకి మాత్రం ఇప్పుడే డబ్బు కట్టకండి. చదువు మానేయడానికి నేను ఒప్పుకోను. కానీ ఆ మాట వాడి నెత్తిన కొట్టినట్టు చెబితే వినడు. వాడు చెప్పిన మనిషి కథతోనే మాట్లాడండి.

హిప్‌హాప్ ప్రొడ్యూసర్ అనగానే చాలామంది పిల్లలు డాక్టర్ డ్రే పేరు చెబుతారు. భాగస్వామితో కలిసి పెట్టిన హెడ్‌ఫోన్ల కంపెనీని ఆయన 2014లో ఆపిల్‌కు 300 కోట్ల డాలర్లకు అమ్మాడు మరి. మీవాడు డిల్లా పేరు చెప్పాడంటే డబ్బు కంటే ముందు పాట వింటున్నాడని అర్థం. అది మంచి లక్షణమే.

డిల్లా అసలు పేరు జేమ్స్ డెవిట్ యాన్సీ. 1974లో డెట్రాయిట్‌లో పుట్టాడు. తల్లి ఆపెరా నేర్చుకున్న గాయని, తండ్రి జాజ్ బేస్ వాయించేవాడు. ఇల్లంతా రికార్డులే. ఇంకో సంగతి మీకు నచ్చుతుంది: వాళ్లమ్మ కూడా అతన్ని విమానాల సాంకేతిక విద్య చెప్పే హైస్కూల్లో చేర్పించింది. అతని మనసు అక్కడ నిలవలేదనుకోండి.

కాలేజీకి వెళ్లలేదన్నది నిజమే. నేర్పేవాళ్లు లేకుండా నేర్చుకున్నాడన్నది మాత్రం నిజం కాదు. ఆ ఊళ్లోనే ఆంప్ ఫిడ్లర్ అనే కీబోర్డ్ విద్వాంసుడు ఉండేవాడు. జార్జ్ క్లింటన్ సంగీత బృందంతో దేశాలు తిరిగిన మనిషి. తన ఇంట్లో ఉన్న అకాయ్ ఎంపీసీ60 అనే డ్రమ్ మెషీన్ ముందు ఈ కుర్రాణ్ని కూర్చోబెట్టాడు. 1994లో క్యూ-టిప్ అనే పేరున్న రాపర్‌కి పరిచయం చేసిందీ ఆయనే. ఏడాది తిరిగేసరికి ఫార్‌సైడ్ అనే రాప్ బృందం ఆల్బమ్‌లో డిల్లా బీట్లున్నాయి. 1996లో డి లా సోల్ బృందానికి, 2000లో కామన్ అనే రాపర్‌కి చేశాడు. అంటే ఇరవై రెండేళ్లకే పెద్దవాళ్ల పక్కన పనిచేశాడు. మీ అబ్బాయికి కావాల్సింది ఈ రెండు లక్షల కోర్సు కాదు, ఆంప్ ఫిడ్లర్ లాంటి ఒక మనిషి.

అతని పనితనం గురించి ఒక మాట, ఎందుకంటే మీవాడు దీన్ని కూడా పొరపాటుగా అర్థం చేసుకుని ఉండొచ్చు. డ్రమ్ మెషీన్లో క్వాంటైజ్ అని ఒకటుంటుంది, ప్రతి దెబ్బనూ లెక్క ప్రకారం సర్దేస్తుంది. డిల్లా దాన్ని ఆపేసి చేతికొచ్చినట్టు కొట్టాడని ఇంటర్నెట్లో అందరూ రాసేస్తుంటారు. నిజానికి అతను కావాలనే ఒక్కో శబ్దాన్ని విడిగా జరిపేవాడు. స్నేర్ అనే డ్రమ్ దెబ్బ వెంట్రుకవాసి ముందు పడుతుంది, మిగతావి కాస్త వెనక నడుస్తాయి. తడబడుతున్నట్టు ఉంటుంది, పడిపోదు. ఇప్పుడు పేరున్న డ్రమ్మర్లు అదే నడకను సాధన చేసి నేర్చుకుంటున్నారు. ఆ మెషీన్ తర్వాతి రకం, అతను వాడిన ఎంపీసీ3000, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇది నిర్లక్ష్యంతో వచ్చే పని కాదు. నాలుగేళ్లు లెక్కలు చేసే ఓపిక ఉన్నవాడికే వస్తుంది.

ఇక మీవాడు చెప్పని భాగం. క్యూ-టిప్ వాళ్లతో కలిసి 'ది ఉమ్మా' అనే ఉమ్మడి పేరు మీద పనిచేయడం వల్ల, ఏ బీట్ ఎవరిదో బయటి జనానికి చాలాకాలం తెలియలేదు. పెద్ద కంపెనీకి చేసిన సోలో ఆల్బమ్‌ను ఆ కంపెనీ పక్కన పెట్టేసింది. అది బయటికొచ్చింది 2016లో, అతను పోయిన పదేళ్లకు. రక్తానికి సంబంధించిన ఒక అరుదైన జబ్బు, లూపస్ అనే మరో జబ్బు కలిసి అతన్ని కుంగదీశాయి. 2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజున 'డోనట్స్' అనే ఆల్బమ్ విడుదలైంది. మూడు రోజులకు చనిపోయాడు. వెనక పన్ను బకాయిలు మిగిలాయి, అతని పాటల హక్కుల వ్యవహారం ఏళ్ల తరబడి గొడవల్లో నలిగింది. ప్రపంచంలోని బీట్‌మేకర్లు దండం పెట్టే మనిషి పరిస్థితి అది.

అందుకే బీట్ ఎంత బాగా చేస్తావని కాదు, ఒప్పంద కాగితం చదువుతావా అని అడగండి వాణ్ని. పాత పాట ముక్క తీసుకుని బీట్ చేయడాన్ని శాంప్లింగ్ అంటారు, డిల్లా పని చాలావరకు దాని మీదే. 2002లో డ్రే కంపెనీ నుంచి వచ్చిన ఒక పాటలో, 1981 నాటి హిందీ సినిమా 'జ్యోతి'లో లతా మంగేష్కర్ పాడిన పాట ముక్క అనుమతి లేకుండా వాడారు. మన దేశపు మ్యూజిక్ కంపెనీ సారేగామా కోర్టుకెళ్లింది. సంగీత దర్శకుడు బప్పీ లాహిరి పేరు వేసేదాకా అమ్మకాలు ఆపమని లాస్ ఏంజెలిస్ జడ్జి ఆదేశించారు. అంత పెద్ద కంపెనీకే అలా జరిగితే, ఇళయరాజా పాట ముక్క వేసి యూట్యూబ్‌లో పెట్టే మీవాడి సంగతేంటి? మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లుంటుంది. అలాగే 2012 సవరణ తర్వాత సినిమా పాట సంగీతకర్త తన రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చేయడం చెల్లదు. ఇలాంటివి నాకు తెలిసిన చాలామంది కుర్ర మ్యుజీషియన్లకు తెలియవు, మొత్తం ఒకేసారి ముట్టిందని సంతకం పెట్టేస్తారు.

హైదరాబాద్‌లో హిప్‌హాప్ బీట్లు ఒక్కటే చేసి ఇల్లు గడుపుకోవడం కష్టం. అదే పనితనంతో సంగీత దర్శకుల దగ్గర ప్రోగ్రామర్‌గా (కంప్యూటర్‌లో పాట సంగీతం అమర్చేవాడిగా), యాడ్స్‌కీ షార్ట్ ఫిల్మ్‌లకీ బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేస్తూ బతికేవాళ్లున్నారు. ఆదాయం ఒక నెల ఉంటుంది, ఇంకో నెల ఉండదు. సౌండ్ వైపు పద్ధతిగా చదవాలంటే పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ) ఉంది, దానికి డిగ్రీ ఉండాలి. చెన్నైలో రెహమాన్ పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది. బీటెక్ పూర్తిచేస్తే ఈ దారులూ ఉంటాయి, ఆడియో సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగాలూ ఉంటాయి. ఎంపీసీ60ని డిజైన్ చేసిన రోజర్ లిన్ గురించి వాణ్నే చదవమనండి.

వాడితో ఇలా ఒప్పందం చేసుకోండి. ఈ సెమిస్టర్లో బ్యాక్‌లాగ్‌లు క్లియర్ చేయాలి. వచ్చే వేసవి సెలవులు పూర్తిగా వాడివి. ఆ రెండు నెలలు ఏదైనా స్టూడియోలో ఒక ప్రోగ్రామర్ దగ్గర జీతం లేకపోయినా కూర్చోవాలి, హాస్టల్ ఖర్చు మీరు భరించాలి. సొంతంగా చేసిన బీట్లు కొన్ని ముగింపుదాకా తెచ్చి, స్నేహితుడు కాని రాపర్‌తో పాడించాలి. మొదలుపెట్టి వదిలేసినవి లెక్కలోకి రావు. మూడో ఏడాది చివర మళ్లీ మాట్లాడుకోండి. అప్పటికి బయటివాడెవడైనా వాడి బీటుకు డబ్బిచ్చి ఉంటే నాకు మళ్లీ రాయండి, అప్పుడు వేరే సలహా ఇస్తాను. వాళ్ల నాన్నగారిని కూడా ఆ బీట్లు ఒకసారి వినమనండి, నచ్చకపోయినా ఫర్వాలేదు.

హెడ్‌ఫోన్స్ కొనివ్వండి, కానీ వైర్ ఉన్నవే. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది, వేళ్లతో డ్రమ్ కొట్టే పనికి పనికిరావు.