కొండాపూర్ ఫ్లాటుకు టోకెన్ ఇచ్చేముందు ఇది చదువు బిడ్డా

బిడ్డా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. కొండాపూర్‌లో 90 లక్షలకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశావట, కిరాయికి ఇస్తావట, ఈ నెలాఖరుకే టోకెన్ అట. వినగానే మీ పెద్దనాన్నను లేపి మరీ చెప్పాను. చిన్నప్పుడు కొట్టుకు పంపిస్తే చిల్లర లెక్క తప్పి ఏడుస్తూ వచ్చేవాడివి, ఇప్పుడు కిరాయికి ఇచ్చే ఇల్లు కొంటున్నావు. మురిసిపోయాం. ఆ తర్వాత మీ అమ్మ మెల్లగా అసలు మాట చెప్పింది: డౌన్‌పేమెంట్‌కు పర్సనల్ లోన్, అదీ చాలకపోతే వనస్థలిపురం ఇంటి మీద లోన్. ఇక రాత్రంతా నిద్ర లేదు. ఇది వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇంత పొడుగు రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

ఆస్తి మీద అప్పులు, అమ్మకాలు చూపే ఈసీ తీయించడం, కట్టిన ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే ఓసీ ఉందో లేదో చూడడం, చెరువు నిండితే నీళ్ళు నిలిచే ఎఫ్‌టీఎల్ హద్దులోనో దాని చుట్టూ ఇల్లు కట్టకూడని బఫర్ జోన్‌లోనో లేదని కనుక్కోవడం, ఇవన్నీ నీకు తెలుసు. చెరువుల్లో కట్టినవి కూల్చే హైడ్రా వచ్చాక మా వీధి కూరగాయలామెకు కూడా తెలుసు. అనుమతులు రాకముందే ప్రీ లాంచ్ అంటూ సగం రేటు చెప్పేవాడి దగ్గర మాత్రం టీ కూడా తాగకు.

లెక్కకు వద్దాం. బ్యాంకు 80 శాతం ఇచ్చినా 72 లక్షలు. మిగతా 18 నీవి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే దగ్గర దగ్గర మరో ఏడు లక్షలు, దానికి బ్యాంకు పైసా ఇవ్వదు. 8 శాతం వడ్డీకి 20 ఏళ్ళ లోన్ అంటే నెలకు 60 వేల ఈఎంఐ. కిరాయి 30 వేలు వస్తుందని నువ్వే అన్నావట. మరి మిగతా 30 వేలు? టాక్స్‌లో కలిసొస్తుందిలే అన్నావట, కొత్త పన్ను విధానంలో ఉన్నవాడికి కిరాయి ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోనివ్వరు నాన్నా, ముందు నీ ఆడిటర్‌ను అడుగు. పర్సనల్ లోన్ కిస్తీ ఇందులో ఇంకా కలపనేలేదు.

ఇప్పుడు మా సంగతి. మీ అమ్మ నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు, చెప్పొద్దని నేనే అన్నాను.

2009 దసరాకు మియాపూర్‌లో 20 లక్షలు పెట్టి ఫ్లాట్ కొన్నాం. బ్యాంకు 15 లక్షలు ఇచ్చింది, మొదటి ఏడాది 8 శాతమే వడ్డీ అని ఊరించింది. మిగతా దానికి ఉన్నదంతా ఊడ్చాం, అయినా చాలలేదు. నా పన్నెండు తులాలు, దాంతోపాటు మీ అమ్మమ్మ ఆరు తులాల చంద్రహారం తాకట్టు పెట్టాం. చంద్రహారం అక్కచెల్లెళ్ళిద్దరిదీ. మీ అమ్మను ఒక్క మాట అడిగితే సరే అంది, అడిగానని చెప్పుకోవడానికే తప్ప అది అడగడమా?

ఈఎంఐ 14,300, కిరాయి 7,500. మీ పెద్దనాన్న సర్కారు జీతం ఉంది కదా అని ధైర్యం. డిసెంబర్ నుంచి తెలంగాణ గొడవ ఊపందుకుంది, ఫ్లాట్ల రేట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 2010 మార్చి నుంచి 2011 అక్టోబర్ లోపు రిజర్వ్ బ్యాంకు 13 సార్లు రేటు పెంచింది. మా ఈఎంఐ మాత్రం పెరగలేదు, హమ్మయ్య అనుకున్నాం. ఒకరోజు బ్యాంకు ఉత్తరం తీరిగ్గా చదివితే, ఈఎంఐకి బదులు గడువు పెంచేశారు, 13 ఏళ్ళు మిగలాల్సిన అప్పు 18 ఏళ్ళయి కూర్చుంది.

2011 ఆగస్టులో కిరాయికున్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి బెంగళూరు వెళ్ళిపోయాడు. సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది, 42 రోజులు. మీ పెద్దనాన్న సమ్మెలో ఉన్నారు, ఆ నెల జీతం లేదు. సమ్మెకు వెళ్ళినందుకు ఆయనా నేనూ ఈరోజుకీ బాధపడం, అది వేరే సంగతి. కానీ బస్సుల్లేక ఫ్లాట్ చూడడానికి మనిషి రాడు, జీతం రాదు, ఈఎంఐ కట్టాల్సిన 5వ తేదీ మాత్రం వచ్చేస్తుంది. కిరాయి పోతే జీతం ఉందనుకున్నాం, జీతం ఆగితే కిరాయి ఉందనుకున్నాం. రెండూ ఒకే కారణంతో ఒకేసారి ఆగుతాయని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఫ్లాట్ ఐదు నెలలు ఖాళీ. తాకట్టు నగలు వేలం వేస్తామని నోటీసు వస్తే చంద్రహారం అమ్మి నా నగలు విడిపించుకున్నాను. నావి అమ్మి అది ఉంచాల్సింది. పిచ్చిదాన్ని, పుట్టింటిదే అమ్మేశాను. మీ అమ్మ ఇంతవరకు దాని ఊసెత్తలేదు, అడిగి తిట్టినా బాగుండేది.

ఇక నీ సంగతి చూడు. నీ ఉద్యోగం హైటెక్ సిటీలో. కొండాపూర్ ఫ్లాటుకు వచ్చేదీ అక్కడ పనిచేసేవాళ్ళే. కంపెనీలు మనుషుల్ని తీసేసే రోజు వస్తే నీ జీతానికీ వాళ్ళ కిరాయికీ ఒకేసారి దెబ్బ. కరోనాలో అందరూ ఊళ్ళకు పోయి ఆ వైపు ఎన్ని టులెట్ బోర్డులు వేలాడాయో నువ్వే చూశావు. కొనాలనే ఉంటే నాగోల్, ఉప్పల్ వైపు చిన్నది చూడు. టీచర్లు, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో చేసేవాళ్ళు ఉంటారు, మెట్రో ఉంది. కిరాయి తక్కువే, ఒప్పుకుంటాను.

కొనేముందు ఏడాది ఈఎంఐలు ఎఫ్‌డీలో వేసి మర్చిపో. ఆరు నెలలది చాలంటారు, నేను భయస్తురాలిని, పన్నెండు అంటాను. నీకేమైనా అయితే ఇంట్లోవాళ్ళ మీద పడకుండా అప్పుకు సరిపడా టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకో. రేటు పెరిగినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అని బ్యాంకు నిన్ను అడగాలి, 2023లో రిజర్వ్ బ్యాంకే రూల్ పెట్టింది. ఈఎంఐ పెంచమను. బోనస్ వస్తే అసలులో కట్టెయ్, వడ్డీ రేటు మారుతూ ఉండే ఫ్లోటింగ్ లోనుకు ముందే కట్టినా పెనాల్టీ ఉండదు.

వనస్థలిపురం ఇంటి కాగితాల జోలికి మాత్రం పోకు. మీ నాన్న రిటైరయ్యాడు, వాళ్ళిద్దరికీ ఉన్నదల్లా ఆ ఇల్లే. కాదని సంతకం పెట్టించుకుంటే నేను నీతో మాట్లాడను, ఇది ఉత్త బెదిరింపు కాదు.

ఆదివారం భోజనానికి రా, బగారా అన్నం, మటన్ చేస్తాను. నీ లెక్క కాగితం తెచ్చుకో. ఆ బ్యాంకు ఉత్తరం ఇంకా నా బీరువాలోనే ఉంది, చూపిస్తాను. మీ అమ్మ ముందు మాత్రం చంద్రహారం మాట తీయకు.

మీ పెద్దమ్మ