కాలేజీ వై-ఫైలో సైట్లు బ్లాక్ చేస్తే వాక్ స్వేచ్ఛకు వచ్చిన నష్టమేంటి?

"సైట్లు బ్లాక్ చేస్తే నష్టమేంటి, మాట్లాడొద్దని ఎవరూ అనలేదు కదా" అని అడిగారు. నోరు మూయించాలంటే నోరే మూయక్కర్లేదండీ, చదవాల్సింది చదవనివ్వకపోతే చాలు.

పీజీలో నా ప్రాజెక్టు రొమ్ము క్యాన్సర్ గణాంకాల మీద. ల్యాబ్‌లో కూర్చుని ఒక వైద్య సైట్ తెరవగానే స్క్రీన్ నిండా ఎర్రటి పేజీ: 'అశ్లీల విషయం, మీ లాగిన్ నమోదైంది'. వెనక ఎవరో ఇద్దరు కిసుక్కున నవ్వారు. నెట్‌వర్క్ రూముకి వెళ్తే అక్కడి సార్ తలెత్తకుండానే ఒక ఫారం చేతిలో పెట్టి, హెచ్ఓడీ సంతకం పెట్టించుకు రమ్మన్నారు. అందులో 'ఈ సైట్ ఎందుకు కావాలి' అని ఒక గడి, రెండు లైన్లకి సరిపడేంత. హెచ్ఓడీ సార్ అది చదివి, "ఎందుకమ్మా ఈ గొడవంతా, వేరే టాపిక్ తీసుకోరాదూ?" అన్నారు. కోపంగా కాదు, పాపం నా మంచికే అన్నట్టు!

సైట్లని ఆపే ఫిల్టర్లకి ఈ తెలివి కొత్తేం కాదు. 1996లో ఇంగ్లండ్‌లోని స్కన్‌థార్ప్ ఊరివాళ్లని ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీలో ఖాతాలు తెరవనివ్వలేదు, ఊరి పేరు మధ్యలో ఒక బూతుమాట అక్షరాలు ఉన్నాయని. ఇప్పుడింకో తలనొప్పి. సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్, అంటే మనం చదివేది దారిలో ఎవరికీ అర్థం కాకుండా సంకేతాల్లోకి మార్చి పంపే పద్ధతి, కాబట్టి మధ్యలో కూర్చున్న ఫిల్టర్‌కి మామూలుగా సైట్ పేరు తెలుస్తుంది గానీ ఏ పేజీ చదువుతున్నామో తెలియదు, దాంతో ఒక్క పేజీ నచ్చకపోయినా సైట్ మొత్తానికి తాళం. టర్కీలో కొన్ని వ్యాసాల మీద అభ్యంతరంతో వికీపీడియాని 2017 ఏప్రిల్ నుంచి 2020 జనవరి దాకా అన్ని భాషల్లోనూ ఆపేశారు.

"ఫిల్టర్‌ని దాటించే వీపీఎన్ ఉందిగా" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా సీనియర్లు దాంతో హాయిగా మ్యాచ్‌లు చూసుకునేవాళ్లు. లాగిన్ పోతుందని భయపడి ఆగిపోయింది చదువుకోవాలనుకున్నవాళ్లే. అన్నట్టు ఆ ల్యాబ్‌లో ప్రింటర్ ఏడాదిగా పనిచేయలేదు, ఫిల్టర్ మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.

నా ఫారానికి పదకొండు రోజుల తర్వాత అనుమతి వచ్చింది. అప్పటికే నేను ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి మారిపోయి సగం రాసేశాను. టాపిక్ ఎందుకు మార్చారు అన్నచోట 'డేటా అందుబాటులో లేదు' అని రాసి సంతకం పెట్టాను.