ప్రిన్స్‌టన్ జంక్షన్ దగ్గర ఇల్లు తీసుకునే ముందు

మాన్‌హటన్‌లో జాబ్ వచ్చింది, పిల్లల స్కూల్ కోసం న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బోరోనో వెస్ట్ విండ్సరో చూస్తున్నాం, ప్రిన్స్‌టన్ జంక్షన్ నుంచి రోజూ ట్రైన్‌లో పోయి రావడం కుదురుతుందా అని ప్రతి సమ్మర్‌లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కుదురుతుందండీ, బోలెడుమంది పోయొస్తున్నారు, పొద్దున ఆ ప్లాట్‌ఫాం మీద తెలుగు వినపడని రోజుండదు. కాకపోతే స్టేషన్‌కి ఇల్లు ఎన్ని మైళ్ళు అనేది ఒక్కటే చూసి లీజ్ మీద సంతకం పెట్టేయకండి. ఈ స్టేషన్‌తో కొన్ని తిరకాసులున్నాయి, వాటిల్లో సగం నూరేళ్ళ కిందటివి.

మొదటిది, ప్రిన్స్‌టన్ జంక్షన్ ప్రిన్స్‌టన్‌లో లేదు, వెస్ట్ విండ్సర్‌లో ఉంది. తిరుపతికి రేణిగుంట ఎలాగో ఇదీ అలాగే. 1839లో వేసిన మొదటి లైను కాలవ గట్టు వెంబడి ప్రిన్స్‌టన్ ఊరికి దగ్గరగా పోయేది, తర్వాత 1863లో దాన్ని ఇటు జరిపి తిన్నగా వేశారు, దాంతో ఊరు పక్కకి పడిపోయింది, సరే అని 1865లో ఇక్కణ్ణించి ఊళ్ళోకి మూడు మైళ్ళ లోపు చిన్న బ్రాంచ్ వేశారు. ఇప్పటికీ దాని మీద తిరిగే బుల్లి బండినే అందరూ డింకీ అంటారు, ఎక్కితే అయిదు నిమిషాల్లో యూనివర్సిటీ దగ్గర దింపుతుంది. చదువుకోడానికి వచ్చే పిల్లలూ, మీరు నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో దిగి టికెట్ కొనేటప్పుడు "ప్రిన్స్‌టన్" అని కొనండి, "ప్రిన్స్‌టన్ జంక్షన్" అని కొంటే డింకీ అందులో రాదు. ఆ టికెట్ జాగ్రత్తగా పెట్టుకోండి, టెర్మినల్ నుంచి స్టేషన్‌కి తెచ్చే ఎయిర్‌ట్రైన్ దిగాక గేటు దాటాలన్నా అదే కావాలి. అర్ధరాత్రి దిగే ఫ్లైట్ అయితే మాత్రం చివరి డింకీ ఎన్నింటికో ముందే చూసుకోండి, పోయిందంటే రెండు పెద్ద సూట్‌కేసులతో ఉబర్ కోసం నిలబడాలి. ఇంకోటి, క్యాంపస్ వైపు స్టేషన్ కూడా పాత చోట లేదు, యూనివర్సిటీ ఆర్ట్స్ బిల్డింగుల కోసం దాన్ని కొంచెం దక్షిణానికి జరిపారు, ఊళ్ళోవాళ్ళు కోర్టుల దాకా వెళ్ళి పోట్లాడారు గానీ ఆగలేదు, 2014 నవంబర్‌లో కొత్తది తెరిచారు, 1918 నాటి పాత బిల్డింగ్‌లో ఇప్పుడు రెస్టారెంట్ ఉంది. చేరేది మాత్రం క్యాంపస్ పక్కకే, కంగారేం లేదు.

ఇక ఆఫీసుకి వెళ్ళేవాళ్ళ సంగతి. న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి గంటా గంటంపావు, అది బాగున్న రోజు. సాయంత్రం వచ్చేటప్పుడు కొత్తవాళ్ళు దొరికిపోయేది ఒక్కచోటే, మన లైను పేరు నార్త్ఈస్ట్ కారిడార్, అది బోర్డు మీద కనపడగానే ఎక్కేస్తారు, అందులో కొన్ని న్యూ బ్రన్స్‌విక్ అవతల జెర్సీ ఎవెన్యూలోనే ఆగిపోతాయి, మన స్టేషన్ దాకా రావు. మీరు చూడాల్సింది "ట్రెంటన్" అనే మాట, ఈ లైను చివరి స్టేషన్ అది. పెన్ స్టేషన్‌లో ట్రాక్ నంబర్ బండి బయల్దేరడానికి కొద్ది నిమిషాల ముందు మాత్రమే వేస్తారు, అప్పటిదాకా జనమంతా తలలెత్తి స్క్రీన్ వైపే చూస్తుంటారు, నంబర్ పడగానే ఒక్కసారిగా మెట్ల మీదకి తోసుకుంటారు, వయసు మీదపడ్డ సూటు పెద్దమనుషులు కూడా పరిగెడతారు! నిదానంగా పోదాంలే అనుకుంటే గంటసేపు నిలబడే రావాలి.

లేట్ల గురించి దాచిపెట్టి లాభం లేదు. పైన కరెంటు తీగల వ్యవస్థ చాలామటుకు 1930ల్లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ళు పెట్టింది, ఎండలు ముదిరితే ఆ తీగలు సాగి కిందకి జారతాయి, 2024 జూన్‌లో ఇలాగే వరసగా బండ్లు ఆగిపోయి జనం నానా అవస్థా పడ్డారు. హడ్సన్ నది కింద సొరంగం 1910ది, అటొక ట్రాక్ ఇటొక ట్రాక్ అంతే, 2012లో శాండీ తుఫానుకి ఉప్పునీళ్ళు వచ్చి పాడైంది కూడా, అక్కడ ఒక్క బండి మొరాయిస్తే వెనకాల మొత్తం లైనంతా నిలబడిపోతుంది. అందుకే వారానికి రెండుమూడు రోజులు ఇంటినుంచి పనిచేసే వీలుంటే ఇక్కడ ఇల్లు తీసుకోండి, అయిదు రోజులూ పోవాల్సిందే అంటే న్యూయార్క్‌కి ఇంకా దగ్గరగా ఉన్న ఎడిసన్, మెటూచెన్ వైపు చూడమనే చెప్తాను నేనైతే. స్కూళ్ళు స్కూళ్ళు అని ఇక్కడికొచ్చి పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరే నాన్నలు చాలామందే ఉన్నారు.

టికెట్ విషయంలో, ఈ బండ్లు నడిపే ఎన్‌జే ట్రాన్సిట్ వాళ్ళ యాప్‌లో కొన్నది ఎక్కే ముందే యాక్టివేట్ చేయాలి. టికెట్ మిషన్ ఉన్న స్టేషన్‌లో ఎక్కి బండిలో కండక్టర్ దగ్గర కొంటే అదనంగా 5 డాలర్లు వేస్తారు. 2024 జులై నుంచి వన్ వే టికెట్లకి 30 రోజులే గడువు, ఎప్పుడన్నా పనికొస్తాయిలే అని కొనిపెట్టుకోవడం ఇక కుదరదు. దూరప్రయాణాల యామ్‌ట్రాక్ బండ్లు కూడా కొన్ని ఇక్కడ ఆగుతాయి, ఎన్‌జే ట్రాన్సిట్ టికెట్‌తో అవి ఎక్కకూడదు.

ఆగనివి ఇంకా ముఖ్యం. మధ్య ట్రాకుల మీద యామ్‌ట్రాక్ వాళ్ళ ఫాస్ట్ బండి అసెలా వచ్చేది చూసి తీరాలి, ముందు పట్టాలు సన్నగా గీపెడతాయి, మీరు తల తిప్పేలోపు గాలి మొహం మీద కొట్టి బండి వెళ్ళిపోయి ఉంటుంది, టోపీలు, కాఫీ మూతలు ఎగిరిపోతాయి. స్పీడ్ టెస్టులకి వాడిన ట్రాక్ ఇది మరి, 1967లో ట్రెంటన్, న్యూ బ్రన్స్‌విక్ మధ్య టెస్ట్ బండి గంటకి 156 మైళ్ళు పోయింది. పసుపు గీత ఇవతలే ఉండండి, స్ట్రోలర్ బ్రేక్ వేయకుండా వదలకండి.

పార్కింగ్ అయితే అపార్ట్‌మెంట్ ఖాయం అవగానే చూసుకోవాల్సిన పని. పర్మిట్లు ఇచ్చేది వెస్ట్ విండ్సర్ పార్కింగ్ అథారిటీ, టౌన్‌షిప్‌లో ఉండేవాళ్ళకీ బయటివాళ్ళకీ వేరే వేరే లెక్క, కోవిడ్‌కి ముందు వెయిటింగ్ లిస్ట్ ఏళ్ళ తరబడి ఉండేది. ప్లెయిన్స్‌బోరోలో ఉంటే మీరు బయటివాళ్ళే, గుర్తుపెట్టుకోండి. పర్మిట్ వచ్చేదాకా రోజువారీ డబ్బులు కట్టే లాట్ ఉంది, లేదా ఇంట్లోవాళ్ళు దింపాలి.

అమ్మానాన్నలు వస్తే శని ఆదివారాల్లో డింకీ ఎక్కించి క్యాంపస్ తిప్పండి, ఐన్‌స్టైన్ 1933 నుంచి చనిపోయేదాకా ఉన్న ఊరు, నాన్నలకి నచ్చుతుంది. 62 దాటినవాళ్ళకి తగ్గింపు టికెట్ ఉంది, వయసు తెలిసే ఐడీ దగ్గరుంచుకోమనండి. శుక్రవారం సాయంత్రం 7 నుంచి సోమవారం పొద్దున 6 దాకా టికెట్ కొన్న పెద్దవాళ్ళు ఒక్కొక్కరితో 11 ఏళ్ళు, ఆ లోపు పిల్లలు ఇద్దరు ఫ్రీ. కాస్త ఓపికుంటే కారులో గ్రోవర్స్ మిల్ కూడా చూపించండి, స్టేషన్‌కి పక్కనే, 1938 అక్టోబర్‌లో మార్స్ మనుషులు ఇక్కడ దిగారని ఒక రేడియో నాటకం వస్తే నిజమేననుకుని హడలిపోయినవాళ్ళు ఉన్నారు, దాని గుర్తుగా పార్కులో ఒక ఫలకం పెట్టారు.